రెండు తాళాల గేటు

శ్రీ ప్రభుదాస్ గారికి,
గోడ ఇవతలి నుంచి నమస్కారమండి.

మన రెండు కాలనీల మధ్య గేటుకు మీ తాళం ఒకటి, మా తాళం ఒకటి ఉన్నాయి. మా ఆవిడ రత్నమాలకు మోకాలు పట్టేసింది. మీ శ్రీమతి హన్నా గారు ఫిజియోథెరపీ చేస్తారట. గేటు తీస్తే నాలుగడుగులు. లేదంటే ఐటీ ఆఫీసులు వదిలే వేళ కొండాపూర్ అంతా చుట్టి రావాలి. అయితే మీదొక మున్సిపల్ సర్కిల్, మాదొకటి. సరిహద్దు దాటాలంటే చట్టబద్ధమైన ఒప్పందం ఉండాలి. న్యాయశాఖలో రిటైరైనవాణ్ణి కనుక ముసాయిదా నేనే రాశాను. నలభై పేజీలు మించలేదు. మా వాచ్‌మన్ మల్లయ్యతో పంపుతున్నాను.

భవదీయుడు,
రామ్మోహనరావు, కాలనీ కార్యదర్శి

తా.క.: తాళం తీయమనడం లేదండి. తీసే విధానం గురించి మాత్రమే అడుగుతున్నాను.

*

రామ్మోహనరావు సార్‌కు,
నమస్తే.

తాళం తీస్తే అయిపోయేదానికి గింత పుస్తకమెందుకు అనుకున్న. కానీ చదివిన. గేటు మా దిక్కు తెరుచుకోవాలని రాసిండ్రు. అంటే మీ తలుపు వచ్చి మా జాగల నిలబడుతది. ఇది ఆక్రమణ సార్. కమిటీ అంతా పరేషాన్ల ఉన్నది.

ఇట్లు,
ప్రభుదాస్, కాలనీ అధ్యక్షుడు

తా.క.: అప్పటిదాక మేడం మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టమన్నది హన్నా.

*

ప్రభుదాస్ గారికి,
నమస్కారం.

మా వైపు తెరిస్తే జనరేటర్‌కు తగులుతుందండి. అందుకని ఉమ్మడి కమిటీ వేద్దాం. సమావేశం తటస్థ స్థలంలో, అంటే గేటు గడప మీద. రత్నమాల కాపడం మానేసింది. తగ్గిందంటోంది. నా మనసు కష్టపెట్టకూడదని అలా అంటోంది పాపం.

భవదీయుడు,
రామ్మోహనరావు

తా.క.: గడప మీదకు రావాలంటే గేటు తీయాలి. గేటు తీయాలంటే కమిటీ తీర్మానం కావాలి. మీకేమైనా తోస్తే చెప్పండి.

*

సార్,
కొంప మునిగింది.

మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. పాత దారికి అడ్డంగ కట్టినందుకు గోడే అక్రమమట, కూలగొడతరట. గోడ పోతే గేటు పోతది. గేటు పోతే ఒప్పందం పోతది. ఇగ మనల్ని అధ్యక్షుడు, కార్యదర్శి అని ఎవరంటరు? కలిసి అప్పీలు చేద్దాం.

మీ ప్రభుదాస్

తా.క.: ఫిర్యాదు ఎవరు చేసిండ్రో జర కనుక్కోండి.

*

ఆప్తులు ప్రభుదాస్ గారికి,

మీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. అప్పీలు ఒక్క పేజీలో రాసి సంతకం పెట్టాను. మీరేం మార్చినా నాకు సమ్మతమే.

మీ సోదరుడు,
రామ్మోహనరావు

తా.క.: మల్లయ్యతోనే పంపుతున్నాను. గేటుకు రెండు తాళాలుండగా మీ ఇంటికి వెళ్లి అంత త్వరగా ఎలా వస్తున్నాడో అంతుబట్టడం లేదు.

*

మా ఇంటాయనలిద్దరికీ,
రత్నమాల, హన్నా రాయునది.

జనరేటర్ వెనక గోడకు కంత ఉంది. మీ మొదటి ఉత్తరం మల్లయ్య అందులోంచే పట్టుకెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. రోజూ వెళ్తున్నాను. మోకాలు నిజంగానే తగ్గింది. కానీ నేను నొప్పితో మూలుగుతుంటే మీరు పక్కనే కూర్చుని నిబంధనలు రాసుకున్నారు. నాకు చాలా బాధేసింది. మోకాలు నొప్పి మనిషి రోజూ కంతలో వంగి దూరాలా అని హన్నాకు కోపమొచ్చింది. ఇద్దరం కలిసి రెండు సర్కిళ్ల ఆఫీసుల్లోనూ ఫిర్యాదు ఇచ్చాం. రెండు కాలనీల ఆడవాళ్లూ సంతకాలు పెట్టారు. గోడ పోయాక మీరిద్దరూ కూర్చోవడానికి అక్కడో బెంచీ కూడా అడిగాం.

ఇట్లు,
రత్నమాల, హన్నా

తా.క.: మీ అప్పీలు ఎటు పోయిందని పరేషాన్ గాకుండ్రి. ఈ కాగితం తిప్పి చూడుండ్రి. – హన్నా