పెద్ద అచ్చులో పడిన పదకొండు ఆవర్తాలు

గోటింగెన్ వాసిని, సంగీత గ్రంథాల సంపాదకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఎకార్ట్ లోడెమాన్ అనే నేను, డెబ్బై రెండో ఏట, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, చట్టం కోరినట్టు మొదటి అక్షరం నుంచి చివరిదాకా నా చేత్తోనే రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రద్దు.

1. ఇల్లు, పియానో నా చెల్లెలు రోజ్‌మారీకి. పియానోలో పై మెట్టు ఒకటి మూగది. నా భార్య ఊటా దాని మీద కాఫీ ఒలకబోసింది. బాగు చేయించవద్దు.

2. నా భూతద్దం తోటి సంగీత పండితుడు హిన్రిక్ ష్టూవెకు. సంగీతం ముందు అచ్చు వేసి, ఏ స్వరం ఏ రాతప్రతిలోదో చెప్పే వివరణ సంపుటిని తర్వాత తేవడం మా వృత్తిలో ఆచారం. పాతకాలపు స్వరకర్త టిలో బ్రెమ్‌కాంప్ శోకగీతాలను నేను 1974లో అచ్చు వేయించాను. వివరణ ఈనాటికీ రాలేదు. ఏటా సదస్సులో హిన్రిక్ అందరి ముందూ అడిగేవాడు: "ఏమయ్యా లోడెమాన్, ఆ వివరణ మేం బతికుండగా వస్తుందా, మా చావుకొస్తుందా? ఆఖరి గీతం ఆఖరి కాగితం ఒక్కసారి చూపించవయ్యా!" అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. అతను అసూయపరుడని పత్రికలో రాశాను. దానితో అతనికి రావలసిన పదవి రాలేదు. హిన్రిక్, నన్ను క్షమించు.

3. ఆ కాగితం ఎక్కడా లేదు, ఎలుకలు తినేశాయి. చివరి పదకొండు ఆవర్తాలు ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నేను కట్టినవి. సంపాదకుడు చేర్చిన స్వరాలు చిన్న అచ్చులో ఉండాలన్నది నియమం. ప్రూఫుల్లో అవి బ్రెమ్‌కాంప్ రాసినవే అన్నట్టు పెద్ద అచ్చులో వచ్చాయి. చూశాను. అందంగా ఉన్నాయి, దిద్దలేదు. వివరణలో చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా జనం వాటిని ఏడుస్తూ పాడసాగారు, పండితులు ఆయన రచనల్లో ఇదే శిఖరమన్నారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఊటా అంత్యక్రియల్లోనూ అవే పాడారు. ఆమెకు కూడా నేను చెప్పలేదు.

4. ఈ వీలునామా అమలు బాధ్యత నా శిష్యురాలు, ఇప్పుడు ప్రొఫెసర్ గెజీనె రాబేది. ఆమె పుస్తకమంతా ఆ పదకొండు ఆవర్తాల మీదే నిలబడింది. గెజీనా, "ఇక్కడ ముసలాయనకి మొదటిసారి భయమేసింది సార్, వినండి!" అంటూ నువ్వు నా గదిలోకి పరుగెత్తుకొచ్చిన రోజే చెప్పాల్సింది. కాఫీ పోసి ఊరుకున్నాను. నువ్వు విన్న భయం నిజమే అమ్మాయ్, కానీ అది ఆయనది కాదు. కొట్టివేతలతో సహా నా చిత్తుప్రతి నీలం అట్టలో ఉంది. అది నీది.

ఈ వీలునామాను చింపెయ్యాలా వద్దా అని నువ్వు ఆలోచిస్తుంటావు. నలభై మూడేళ్లు నేనున్న బోను అదే. నిన్ను అందులో పెట్టను. నీ చేతికి వచ్చేది నకలు. అసలు ప్రతిని కోర్టులో దాఖలు చేస్తున్నాను.

5. నా అంత్యక్రియల్లో ఆ గీతమే పాడాలి. ఎలుకలు కొరికిన చోట ఆపెయ్యాలి. గాయకులు పుస్తకాలు మూయకుండా, నోరు విప్పకుండా, పదకొండు ఆవర్తాలు లెక్కపెట్టి, అప్పుడు కూర్చోవాలి.

గోటింగెన్, 2017 మార్చి 3.

(సంతకం) ఎకార్ట్ లోడెమాన్

చట్టం సాక్షులను అడగదు, నేనే అడిగాను:
ఫ్రౌకె ఇమ్‌హోఫ్, కింది అంతస్తు
డెట్లెఫ్ కూనె, రొట్టెల దుకాణం