గేటు దాటినవాళ్ల మందులు

ప్రియమైన ప్రేమ్‌సాగర్ గారికి మార్త వందనాలు.

ప్రభువు దయవల్ల తాండూరులో నేనూ మన బాబు రిత్వికూ బాగున్నాం. వికారాబాద్‌లో, ఆ గదిలో ఒక్కరే ఉన్నా మీరు వేళకింత తింటున్నారనే అనుకుంటాను. ఫోన్‌లో మాటామాటా పెరుగుతోంది, ఉత్తరాలే నయమన్నారు కదా. సరే, ఇక్కడైతే నన్ను మధ్యలో ఆపలేరు.

రిత్విక్‌కు జ్వరం తగ్గింది, బడికి పోతున్నాడు. మా అమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడని అడిగారు. కందులు ఇంటికొచ్చాకేనట. ఆమె ఎవరి మాట విన్నది గనక!

పెద్దేముల్ సత్యమ్మ సంగతి మాత్రం తిన్నగా చెబుతాను. పోయిన వారం మీ ఆస్పత్రి నుంచే డిశ్చార్జ్ అయింది. ఇంటికి పోయాక మన మెడికల్ షాపుకొచ్చి, ఎప్పట్లాగే షుగర్ గోలీల ఖాళీ స్ట్రిప్ చూపించింది. ఇచ్చాను. అదే మందును మీ డాక్టరు ఇంకో కంపెనీ పేరుతో రాశాడనీ, మీరు పనిచేసే మందుల కౌంటర్‌లోనే నెలకు సరిపడా కట్టిచ్చారనీ నాకెవరు చెప్పారు? పాతవీ కొత్తవీ రెండూ మింగి, షుగర్ పడిపోయి వాకిట్లో కూలిపోయింది. పక్కింటివాళ్లు చూశారు కాబట్టి బతికింది.

సంగతి తెలిసి చూడబోయినప్పుడు, షాపుకు ఆస్పత్రి కాగితం ఎందుకు తేలేదని అడిగాను. "ఖరాబైతదని బియ్యం డబ్బల దాసిన బిడ్డా. నీ పెనిమిటి గాడనే ఉంటడు గద, నీకు చెప్పిండనుకున్న" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత కోపమొచ్చింది. పేషెంట్ సంగతులు బయట చెబితే మేనేజర్ ఊరుకోడంటారు మీరు. బయటంటే ఎవరు? రేపటి నుంచి మందిచ్చేది నేనే కదా! డిశ్చార్జ్ రోజున పేషెంటునే అడిగి, వాళ్లు కొనే షాపుకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఏది ఆపారు, ఏది మార్చారు, అంతే. దానికింత బెట్టు దేనికి?

ఇక మీ చివరి ప్రశ్న. తాండూరు మెడికల్ షాపు నుంచి ఎవరో ఆడమనిషి మేనేజర్‌కు ఫోన్ చేసి దులిపేసిందట, ఎవరో కనుక్కోమన్నారు. వెతకక్కర్లేదు, అది నేనే.

"గేటు దాటినంక మాకేం సంబంధమమ్మా?" అన్నాడాయన. "గేటు దాటినోళ్లు మనుషులు గారా సార్?" అన్నాను. పేరడిగితే మాత్రం ఫోన్ పెట్టేశాను. ఈ నెల మీ ఉద్యోగం పర్మినెంట్ కావాలి కదా, భయపడ్డాను. అలా భయపడ్డందుకే నామీద నాకు మంటగా ఉంది.

ఫోన్ చేసినందుకు క్షమించమని అడగను. సోమవారం పొద్దుటి రైలుకు సత్యమ్మను తీసుకుని వస్తున్నాను. మేనేజర్ ముందు నిలబడి నా పేరు చెబుతాను, మీ భార్యననీ చెబుతాను. ఆ మాట అంతకుముందే మీ నోటితో చెబితే నాకు సంతోషం. ఉద్యోగం పోతే పోనివ్వండి, ఇద్దరికీ చదువుంది, పస్తులుండం. నేనొచ్చేసరికి మీరు కౌంటర్ వెనకే ఉంటారో, బయటికొచ్చి నా పక్కన నిలబడతారో మీ ఇష్టం. నేను మాత్రం వస్తున్నాను.

ఇట్లు,
మీ భార్య
మార్త