కుడివైపు సీటు

ఐ.పోలవరం,
వరలక్ష్మీ వ్రతం మర్నాడు.

మస్కట్ మెకానిక్కు గారికి,

మీ దుర్గ క్షేమం. మీ విమానం నాకంటే క్షేమం. మీ అమ్మగారు మా ఇద్దరికంటే క్షేమం.

మన వీధి రూతు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, నిన్న పొద్దున్న మీ పొట్లం తెచ్చి ఇచ్చింది. మీ గదిలో ఉండే శామ్యూల్ గారు అది పట్టుకుని, అక్కడ రూతు పనిచేసే ఇంటికి వెళ్ళి ఇచ్చారట. గుమ్మంలో ఆటో ఆగిన చప్పుడు వినగానే పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తాను. ప్రతిసారీ ఇదే వరస. మనిషి వచ్చాడనుకుంటాను, సామాను దిగుతుంది. ఒకసారి ఇంజనుకి పెట్రోలు అందించే పంపు, కిందటిసారి స్పార్కు ప్లగ్గులు, ఈసారి రెక్కల్ని లాగి పట్టే తీగలు. మిమ్మల్ని మీరే ముక్కలు ముక్కలుగా పంపిస్తున్నారేమో, అన్నీ వచ్చాక నేనే బిగించుకోవాలేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

నేను పొట్లం విప్పేదాకా రూతు ఆగి, "ఏంటక్కా, అందరి మొగుళ్ళూ బంగారం పంపుతా ఉంటే మీ ఆయన ఇనప తీగలు పంపేరేంటి?" అంది. "బంగారం మెడలో వేలాడతాదే గానీ మనిషిని పైకి లేపదు కదే" అన్నాను. అన్నానే గానీ, అది వెళ్ళాక ఆ తీగల చుట్టని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీరు చుట్టిన చుట్ట కదా.

ఇవన్నీ ఫోనులో చెప్పచ్చు కదా అంటారు. ఫోనులో మీ పక్కన గదిలో నలుగురుంటారు, నా పక్కన మీ అమ్మగారుంటారు. పొట్లంలో వచ్చి వెళ్ళే ఉత్తరంలో మనిద్దరమే ఉంటాం.

ఎవరో ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళు ముక్కు విరగ్గొట్టి వదిలేసిన ఈ చిన్న విమానాన్ని మీరు రొయ్యల వ్యానులో వేసుకొచ్చినప్పుడు ఊరంతా తీర్థానికి వచ్చినట్టు వచ్చి చూసింది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కొట్టే ఏరేటర్లు, పడవల ఇంజన్లు బాగుచేసుకునే అబ్బులుకి ఇదేం పోయేకాలం అన్నారు. దీని సామాను మన దగ్గర దొరకదు, మస్కట్‌లో రెండేళ్ళు పనిచేసుకుంటూ ఒక్కొక్కటీ కొంటానని వెళ్ళారు. మధ్యలో ఒక్కసారి వచ్చి నెల్లాళ్ళు ఉన్నారు. ఇది అయిదో ఏడు. మీరు ఫోనులో చెబుతుంటే నేనూ తమ్ముడు కృష్ణమోహనూ బిగించుకుంటూ వచ్చాం. రెక్కల గుడ్డ నేనే కుట్టాను. తెరచాపలు కుట్టినవాడి కూతుర్ని, ఆ మాత్రం రాకపోతే మా నాన్న పరువు పోదూ.

బోల్టుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఉప్పుగాలికి తోక దగ్గర పసుపు పూత మాసి బోల్టులు ఎర్రబడ్డాయని నాకు బెంగ పట్టుకుంది. మన సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళకి తుప్పు పట్టనిదే మంచి సామాను. అమలాపురం వెళ్ళి, పడవలకి వేసే స్టీలు బోల్టులు అదే సైజువి తెచ్చి మార్చేశాను. అద్దాల్లా మెరిశాయి. తమ్ముడు కూడా భేషన్నాడు. ఫోనులో ఆ మాట చెప్పగానే మీరు కేకలేశారు. "మెరుపు చూసి మోసపోకే దుర్గా. తుప్పయితే కంటికి కనపడతాది. ఇది పైకి మెరుస్తానే ఉంటాది, బరువు పడ్డప్పుడు చెప్పకుండా తెగిపోద్ది" అన్నారు. మీరు పంపిన డబ్బాలోంచి కొత్తవి తీసి వేయించాను. స్టీలువి పెరటి తలుపుకి పనికొచ్చాయి.

ఇక మీ కిందటి ఉత్తరం. కుడివైపు సీటు తీసెయ్యి, బరువు తగ్గుతుంది అని రాశారు. నేను తియ్యలేదు. తియ్యను. విమానం తెచ్చిన రోజు మీరు నన్ను అందులో కూర్చోబెట్టి ఏం చెప్పారో మరిచిపోయారా? సీట్లు రెండు, మధ్యలో కర్ర ఒకటే. మీరు ఎడమవైపు కూర్చుని ఆ కర్రని కుడిచేత్తో పట్టుకున్నారు. "పడవకి చుక్కాని ఎలాగో దీనికిది అలాగ. ఇటు నేను, అటు నువ్వు. ఆ సీటు నీది" అన్నారు. ఇన్నేళ్ళుగా నేను ఆ సీటులోనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను, మీ అమ్మగారి మీద కోపం వస్తే చల్లార్చుకుంటున్నాను, ఒక్కోరోజు ఏడుస్తున్నాను. నా బరువు మీకు ఇప్పుడు గుర్తొచ్చిందా? అది తీసేస్తే నన్నెక్కడ కూర్చోమంటారు?

మిగిలింది ఒక్కటే కదా, కార్బురేటర్ని ఇంజనుకి కలిపే రబ్బరు గొట్టం. పాతదాన్ని వేలితో నొక్కితే పగుళ్ళు నోళ్ళు తెరుస్తున్నాయి. అది చిరిగితే గాలి లాగేసి ఇంజను కాలిపోతుందని మీరే చెప్పారు. అది దొరికిన రోజున బయల్దేరి వచ్చేస్తానన్నారు. ఏడాదిగా వెతుకుతున్నాను, దొరకడం లేదంటున్నారు. నిన్న వ్రతంలో అందరూ అమ్మవారిని సౌభాగ్యం అడిగితే నేను రబ్బరు గొట్టం అడిగాను. ఆవిడకి అర్థమైందో లేదో.

మీ చేతిరాతకి ఏమైంది? ముత్యాల్లా రాసేవారు. ఈ మధ్య ఎండ్రకాయ ఇసకలో నడిచినట్టుంటున్నాయి అక్షరాలు, అవీ నాలుగు ముక్కలే. వీడియోలో కనపడమంటే కెమెరా పగిలిందంటారు. ఊళ్ళోవాళ్ళ ఇంజన్లన్నీ బాగుచేసే మనిషికి ఫోను బాగుచేయించుకోవడం తెలియదా?

రూతు వెళ్ళేటప్పుడు మామిడి తాండ్ర, ఎండు మెత్తళ్ళు పంపుతున్నాను. మీ అమ్మగారు మెత్తళ్ళని విమానం రెక్కల మీద ఆరబెట్టారు. "ఎగరని రెక్కలు ఎందుకే, చేపలైనా ఎండుతాయి" అన్నారు. రెక్కలు రెండుసార్లు కడిగినా వాసన పోలేదు. తినేటప్పుడు మీ విమానాన్ని తలుచుకోండి.

ఆటో చప్పుడైతే చాలు ఉలిక్కిపడే,
దుర్గ


ఐ.పోలవరం,
క్రిస్మస్ వెళ్ళిన మూడోరోజు.

అబ్బులు గారికి,

పేరు పెట్టి రాస్తున్నాను. అత్తయ్య చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది. కోపం వచ్చినప్పుడు ఇంకెలా రాయాలో నాకు తెలియదు.

శామ్యూల్ గారు పండక్కి సెలవు మీద వచ్చి, నిన్న కేకు పట్టుకుని మనింటికి వచ్చారు. పాకలోకి తీసుకెళ్ళి విమానం చూపించాను. ఆయన చుట్టూ తిరిగి, రెక్కల కుట్టు తడిమి చూసి, "ఎంత బాగా చేసేరండి" అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో. ఆ సంతోషంలోనే, అన్నీ అయిపోయాయి, ఆ రబ్బరు గొట్టం ఒక్కటే దొరకడం లేదు, మీరైనా కాస్త వెతికి పెట్టండి అని అడిగాను. ఆయన తెల్లబోయి చూశారు.

"అది కిందటి క్రిస్మస్‌కే దొరికింది కదండీ. షాపు నుంచి నేనే తెచ్చి ఇచ్చేనండి. ఆయన పెట్టెలో చొక్కాల కింద ఉందండి."

"మీరు చూశారా?"

"ఆయ్. అప్పుడప్పుడూ బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెడతా ఉంటారండి."

అప్పుడు నా ముఖం చూసి, "నేనేవైనా అనకూడని మాట అనేనాండి?" అన్నారు. ఆ చేతిరాత సంగతేమిటో చెప్పండి అన్నాను. "అది ఆయన్నే అడగండమ్మా" అని, ఇచ్చిన టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు.

ఏడాదయిందండీ. ఏడాదిగా అది మీ చొక్కాల కింద ఉంది. నేనిక్కడ కనపడిన దేవుడికల్లా దండం పెట్టుకుంటున్నాను. అది దొరికిన నెలలోనే మీరు కాంట్రాక్టు పొడిగించుకున్నారు, గొట్టం దొరకలేదు కాబట్టి తప్పదన్నారు. నేను నమ్మాను. అంతే కాదు, మీ అమ్మగారు గొణిగితే మీ తరఫున వాదించాను కూడా. మీరు స్టీలు బోల్టుల గురించి చెప్పిన మాట నిన్నంతా చెవిలో మోగుతూనే ఉంది. మీ మాటలు కూడా అలాగే పైకి మెరిశాయి.

అక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. విమానం మీద మనసు విరిగితే చెప్పండి. నా మీద విరిగితే అదీ చెప్పండి. తుప్పయితే కంటికి కనపడుతుందని మీరే కదా అన్నారు, చూపించండి. చూడలేనంత పిరికిదాన్ని కాదు.

నాకు విమానం మీద కోపం లేదు. మొదట్లో ఉండేది. తర్వాత తర్వాత, మీరు ముట్టుకున్న సామాను కదా అని దాన్ని తుడవడం మొదలుపెట్టాను. తీగ బిగిస్తే మీ చెయ్యి పట్టుకున్నట్టుండేది. అది ఎగిరినా ఎగరకపోయినా నాకు ఒకటే. నాకు మీరు కావాలి. అన్నం తినేటప్పుడు ఎదురుగా కావాలి. ఉప్పు ఎక్కువైందని విసుక్కోవడానికి కావాలి. ఇంత విప్పి ఎప్పుడూ చెప్పలేదు, అనకుండానే తెలుస్తుందనుకున్నాను.

ఈ ఉదయం మీ రెంచీ తీసుకుని పాకలోకి వెళ్ళి మధ్యలో కర్ర ఊడదీశాను. అత్తయ్య వచ్చి నిలబడి, "దానికేవైందే, బాగానే ఉంది కదే" అంది.

"ఇన్నాళ్ళూ సామాన్లన్నీ అక్కణ్ణించి ఇక్కడికి వచ్చేయి కదా అత్తయ్యా. ఒకటి ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళాలి."

ఆవిడకి ఏమర్థమైందో తెలియదు. లోపలికి వెళ్ళి తన పాత చీర ఒకటి చింపి తెచ్చి, ఆ కర్రకి పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టింది. తర్వాత ఎప్పుడూ లేనిది, నాకు తనే టీ పెట్టి ఇచ్చింది.

శామ్యూల్ గారి చేత దాన్ని పంపుతున్నాను. అది లేకపోతే ఇంజను ఉన్నా, రెక్కలున్నా ఇది ఎటూ పోదు. ఇంకెవరి చేతా తిరిగి పంపకండి, పంపితే నేను తీసుకోను. రబ్బరు గొట్టం, ఆ కర్ర, మీరు, ముగ్గురూ కలిసి రండి. రాకూడదనుకుంటే దాన్ని అక్కడే ఉంచేసుకోండి. నేను అడగను, నాకు అర్థమైపోతుంది.

ఇంకా మీ భార్యనే అనుకుంటున్న,
వెంకటదుర్గ


మస్కట్,
శామ్యూల్ తిరిగొచ్చిన వారానికి.

దుర్గా,

ఈ ఉత్తరం ఎవరి చేతా పంపడం లేదు. చొక్కా జేబులో పెట్టుకుని నేనే తెస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పడం నా వల్ల కాదు, అందుకని రాసుకున్నాను. నిదానంగా చదువు. ఎడమచేత్తో రాస్తున్నాను.

ఇక్కడ ఇంకెవరూ లేరు. ఒట్టు. కిందటి క్రిస్మస్‌కి ముందు పడవ ఇంజను ఒకటి బాగుచేస్తుంటే నా కుడిచెయ్యి బెల్టులో పడింది. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఓనరు మంచివాడు, వైద్యం చేయించి, షాపులో సామాను చూసుకునే పని ఇచ్చాడు. నీకు చెప్పద్దని శామ్యూల్‌ని నేనే బతిమాలాను. పాపం అతను ఆ ఒక్క మాట దాచాడు, గొట్టం సంగతి కూడా దాచాలని నేను చెప్పలేదు.

ఆ రబ్బరు గొట్టం సరిగ్గా ఆ వారమే దొరికింది. శామ్యూల్ తెచ్చి, కట్టు కట్టిన నా చేతిలో పెట్టి, "ఇంక ఇంటికెళ్ళిపోవచ్చండి" అన్నాడు. ఎలా రాను దుర్గా? ఊరంతా నవ్వుతున్నా నువ్వు ఒక్కదానివీ దాన్ని కట్టుకుంటూ వచ్చావు. మధ్య కర్రని గుప్పిట్లో పట్టలేని చెయ్యి వేసుకుని వచ్చి, నీ ముందు దాని పక్కన ఎలా నిలబడను? విమానాన్ని అమ్మేద్దామనుకున్నాను. కొంటానన్నవాడు ఒక్క సీటు చాలన్నాడు. అందుకే తీసెయ్యమని రాశాను. బరువు మాట అబద్ధం. నువ్వు తియ్యనన్నాక అతనికి జవాబు ఇవ్వలేక ఊరుకున్నాను.

శామ్యూల్ కర్ర ఇచ్చాడు. అమ్మ చీర విప్పితే గది గదంతా మెత్తళ్ళ వాసన. మంచం పట్టీల సందులో దాన్ని గుచ్చి నిలబెట్టి, ఎప్పటిలాగే ఎడమపక్క కూర్చుని పట్టుకోబోయాను. పట్టు చిక్కలేదు. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. శామ్యూల్ టీ పట్టుకొచ్చి నా పక్కన కూర్చోబోయాడు. చోటు చాలక నేను కర్రకి అవతలికి, కుడివైపుకి జరిగాను. కర్ర నా ఎడమచేతి దగ్గరికి వచ్చింది.

పట్టుకున్నాను. ఏడాదిగా అన్నం పెట్టేదీ, తాళం తీసేదీ, నీకు ఉత్తరం రాసేదీ ఆ చెయ్యే కదా, గట్టిపడింది. ముందుకి వంచాను, వెనక్కి లాగాను. శామ్యూల్ ఎడమపక్క కూర్చుని గాజుగ్లాసులో టీ ఒలికిపోకుండా పట్టుకుని చూస్తున్నాడు. విమానంలో వేగం పెంచే మీట కుడిపక్క కూడా ఒకటుంది, దాన్ని ఈ కుడి అరచేత్తో నెడితే చాలు. ఎన్నిసార్లో కలలో ఆ విమానం ఎక్కాను, ఎక్కినప్పుడల్లా ఎడమ సీటులోనే కూర్చున్నాను. రెండోది కూడా సీటేనని తోచలేదు. నువ్వు దాన్ని తీసేసి ఉంటే నేను కూర్చోవడానికి చోటే ఉండేది కాదు.

ఎగరాలంటే అనుమతి కాగితాలు కావాలి, వచ్చి పరీక్ష చేసేవాళ్ళున్నారు. ఈ చేతిని చూసి ఎగరనిస్తారో లేదో తెలియదు. ఎగరనివ్వకపోతే ఇద్దరం అందులో కూర్చుని బియ్యం ఏరుకుందాం.

కుడివైపు సీటు నీదని ఒకప్పుడు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నాకియ్యి, ఎడమ సీటులో నువ్వు కూర్చో.

ఇప్పుడు ఈ కాగితం మడిచి నా వంక చూడు. నేనింకా జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

గుమ్మంలో నిలబడ్డ,
అబ్బులు