సల్ల చిలికే పాట

ఆదివారం, రాత్రి

తూంకుంట కాలనీలో ప్రోగ్రాం అయిపోయింది కానీ నా ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు.

మా బ్యాండ్‌కు ఆ మాత్రం పేరు తెచ్చింది అవ్వ నేర్పిన సల్ల చిలికే పాటే. రిహార్సల్‌లో కాలనీ సెక్రటరీ నన్ను పక్కకు పిలిచి, "సల్ల అంటే మావాళ్ళకి అర్థం కాదండీ. మజ్జిగ అని పాడేయండి" అన్నాడు. మజ్జిగ ఆ దరువులో ఎక్కడ ఇముడుతుంది? చెప్పబోతుంటే మా డప్పు రమేశ్ అడ్డొచ్చాడు. "పాడరాదే, ఏం పోతది? మల్ల పిలుస్తరు."

పాడాను. ఆ ఒక్క మాట పట్టడానికి దరువు నెమ్మది చేశాం. దరువు తగ్గేసరికి బోసిగా ఉందని గిటార్ పెంచాం. చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి. నాకే ఎవరి చెంపైనా పగలగొట్టాలనిపించింది, ముందు నాదే.

అవ్వను దేవరయాంజాల్ నుంచి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టడం నా బుద్ధితక్కువ. తిరిగొస్తుంటే ఆటోలో నా చేయి పట్టుకుంది.

"మంచిగున్నది బిడ్డా గా మజ్జిగ పాట. నీకెవలు నేర్పిన్రు?"