విడిగా బోర్లించిన గ్లాసు

ఏప్రిల్ 19, 1979. సలమాంకా

ఇవాళ కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. రొట్టెల కొట్లో "ఒకటివ్వండి" అన్నాను. అది మాట కింద రాదు.

ఈ స్పెయిన్ వచ్చి ఏడు నెలలు. క్లాసులో వీళ్ళ కవిత్వం అర్థమవుతుంది, బస్సులో పక్కావిడ గొణుగుడు అర్థం కాదు. హాస్టల్లో ఒక్కదాన్నీ తినలేక ఈ ఇంటికి మారాను — గది, మధ్యాహ్నం భోజనం, నలుగురితో ఒక బల్ల. ఆ బల్ల కోసమే మారాను. ఇంటావిడ పేరు పిలార్. నాకు నేను పిలారమ్మ అనుకుంటాను. ఫార్మసీ చదివే అమ్మాయిలిద్దరు కూడా ఉంటున్నారు.

ఏప్రిల్ 22

ఆదివారం. అందరికీ చుట్టాలొచ్చారు. నేను బట్టలారేసుకుని, అవి ఆరేదాకా కిటికీ దగ్గర కూర్చున్నాను. నర్సీపట్నంలో ఈపాటికి వీధంతా ఆవకాయ ఘాటు... కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని నోట్సు రాసుకున్నాను.

మే 3

భోజనాల దగ్గర పిలారమ్మ నా పక్కనే నిలబడి చూసింది. నేను ఎప్పట్లాగే గ్లాసు ఎత్తి, నోటికి తగలకుండా పోసుకున్నాను. అమ్మాయిలిద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"నా గ్లాసు శుభ్రంగా లేదా?"

ఉంది అన్నాను.

"మరి?"

మరి... ఏం చెప్పను. కరిచి తాగితే ఎంగిలని చిన్నప్పుడు అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు కరిచి తాగుదామన్నా గుటక దిగదు. ఇదంతా చెప్పడానికి నా స్పానిష్ చాలక నవ్వి ఊరుకున్నాను. అదే తప్పయింది.

మే 4

బల్ల మీద మూడు గాజు గ్లాసులు. నా చోట నీలం ప్లాస్టిక్‌ది, కొత్తది, ధర చీటీ కూడా ఊడలేదు. "ఇది నీ ఒక్కదానికే. ఇంకెవరం ముట్టుకోం," అంది పిలారమ్మ. కోపంగా కూడా కాదు, మర్యాదగానే అంది.

మే 9

ఇప్పుడు నాకు రెండింటికే వడ్డించేస్తోంది. వాళ్ళు మూడింటికి తింటారు. తలుపు వేసుకుని నా గదిలో కూర్చుంటే చెంచాల చప్పుడు, నవ్వులు. చదువుతున్నానని నాకు నేనే నటించుకున్నాను.

నా గ్లాసు కడిగి కిటికీ గట్టు మీద విడిగా బోర్లిస్తుంది. ఇలా బోర్లించిన గ్లాసు ఎక్కడో చూశాను.

మే 10

సూరమ్మది.

మా పెరట్లో, నూతి పక్క గోడ గూట్లో సత్తుగ్లాసు. ఓ పక్క సొట్ట. మా ఇంట్లో గ్లాసులన్నీ తోమేది సూరమ్మే. తోమాక అమ్మ వాటి మీద ఓ చెంబెడు నీళ్ళు జల్లి లోపలికి తెస్తుంది. సూరమ్మ తాగేది మాత్రం గూట్లోదాన్లో. పొద్దున్నే ఆ గ్లాసులో కాఫీ పొయ్యడం నా పని — పైనుంచి, తగలకుండా. ఓసారి వేడివేడిది ఆవిడ వేళ్ళ మీద ఒలికించాను. "పోసీండి పాపగారూ, ఏటీ కాదు, సల్లారిపోనాది," అంది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ.

ఎన్నేళ్ళు పోశానో. ఒక్క రోజూ ఆ గ్లాసు గురించి ఆలోచించిన పాపాన పోలేదు. తర్వాత లోపలికెళ్ళి నా కాఫీ తాగేదాన్ని.

మే 11

అన్నం సయించలేదు.

మే 14

అమ్మకి ఉత్తరం వేశాను. సూరమ్మకి మన స్టీలు గ్లాసులో కాఫీ ఇయ్యమని రాశాను. కారణం రాయలేదు. నీలం గ్లాసు సంగతీ రాయలేదు. ఇక్కడి బంగాళాదుంపల అట్టులో కోడిగుడ్డుంటుందని అసలే రాయలేదు. మిగతా కాగితమంతా ఎండల గురించి నింపాను.

మే 27

పార్కులో ఓ ముసలాయన టైమెంత అన్నాడు. రెండుసార్లు చెప్పాను. ఒకసారి చెబితే వినపడేదే.

జూన్ 10

పిలారమ్మ అన్నయ్య తోమాస్ పల్లె నుంచి వచ్చాడు. గోధుమల రైతు. ఓ మట్టి నీళ్ళ కూజా తెచ్చాడు, దానికి సన్నటి ముక్కు. ఆదివారం కదా, ఆ అమ్మాయి కూడా రానీ అన్నట్టున్నాడు, నన్నూ బల్ల దగ్గరికి పిలిచారు. నీలం గ్లాసుతో సహా.

తోమాస్ కూజా ఎత్తి, నోటికి తగలకుండా ధారగా పోసుకున్నాడు. గుటక, గుటక... అచ్చం మా నాన్నగారు చెంబుతో తాగినట్టే. పక్కమ్మాయికిచ్చాడు. ఆ పిల్ల మెడంతా తడుపుకుంది. రెండో అమ్మాయికి పొరబోయింది. నాకిచ్చాడు. చుక్క కింద పడకుండా తాగాను.

ఆయన బల్ల చరిచి "ఈ పిల్ల మా ఊరిదే," అన్నాడు.

పిలారమ్మ నా వైపే చూస్తోంది. "నువ్వు గ్లాసుతో చేసేదీ ఇదేనా... అందరూ ఒకే దాన్లో తాగొచ్చనా?"

అవునన్నాను. లేచి నీలం గ్లాసు చెత్తబుట్టలో పడేసింది. వచ్చి నా తల నిమిరింది. ఇల్లు వదిలాక ఎవరూ నా తల మీద చెయ్యెయ్యలేదు. ఆ చెయ్యి తియ్యకుండానే అడిగింది — "మీ ఇంట్లో అందరూ ఇంతేనా, ఒకే గ్లాసు?"

"అందరం," అన్నాను.

జూన్ 11

మూడింటికి అందరితో భోజనం. గాజు గ్లాసు. పక్కింటావిడకి చెబుతోంది పిలారమ్మ — వాళ్ళ దేశంలో అందరిదీ ఒకే గ్లాసట, ఎంత మంచి మనుషులో అని.

కాదని చెప్పాలి. చెబితే మళ్ళీ రెండింటికి ఒక్కదాన్నీ తినాలేమో. అంత ధైర్యం లేదు నాకు. సిగ్గుగా ఉంది.

జూన్ 20

అమ్మ ఉత్తరం. ఎండలు, ఆవకాయ, నాన్నగారి మోకాలు. చివర్న —

"నువ్వు రాశావని సూరమ్మకి స్టీలు గ్లాసులో ఇచ్చాను. 'నాకెందుకమ్మా ఇది, పాపగారినే ఒచ్చి ఇమ్మనండి,' అని నవ్వింది. గూట్లోదే తెచ్చుకుంది. అయినా అంత దూరంలో కూచుని నీకీ గ్లాసుల గొడవేటే?"

నవ్విందట. ఎలా నవ్విందో అమ్మ రాయలేదు.

మూడైంది. పిలారమ్మ భోజనానికి పిలుస్తోంది. వస్తున్నా అన్నాను. ఇంకా లేవలేదు.