ప్రార్థనలో మొదటి పేరు

ఆక్లండ్, మే 2006

అమ్మా, వందనాలు. ఫోన్లో అడిగితే నాన్న వింటారని రాస్తున్నాను.

న్యూజిలాండ్ వెళ్లిన నర్సమ్మ అంటూ రోజూ ప్రార్థన చివర నువ్వు తలుచుకునే సువార్తమ్మ ఎవరని అడిగితే, "పెళ్లికాని పిల్లవి, నీకెందుకే ఆ ఆరాలు?" అని కసిరావు. ఇక్కడి మన తెలుగు నర్సులందరినీ అడిగాను. హామిల్టన్‌లో ఉందన్నారు. మొన్న ఆదివారం డ్రైవ్ చేసుకుని వెళ్లాను.

తలుపు తీసి, నేనెవరో చెప్పకముందే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మనందరి పేర్లూ చెప్పింది. నా పేరే ముందు చెప్పింది.

కన్నబిడ్డల పేర్లే ముందు చెప్పాలని నువ్వే నేర్పావు. మరి పెద్దదాన్నయినా నా పేరు తమ్ముళ్ల తర్వాత ఎందుకు చెబుతావమ్మా? నాకేమీ అర్థం కావడం లేదు.

వచ్చే వారం మళ్లీ రమ్మంది. ప్రస్తుతానికి ఆంటీ అంటున్నాను. ఏమని పిలవాలో నువ్వే చెప్పు.

నీ కూతురు