ఎడమ తోకరెక్క విషయమై నా ఆఖరి మాట

బస్సు బాడీలు కట్టే పని నుంచి రిటైరై, వచ్చే వారం గుండె ఆపరేషనుకు వెళుతున్న నేను పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఒత్తిడి లేదు గాని విసుగు మాత్రం దండిగా ఉంది. విసుగు వల్ల వీలునామా చెల్లకుండా పోదని వకీలుగారు అన్నారు. దీన్ని అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే.

1. నా స్వార్జితమైన ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. జిగురు తూచడానికి నేను షెడ్డుకు పట్టుకుపోయిన వంటింటి త్రాసు మీద మరక ఎంత గీకినా పోలేదు. కొత్తది కొని బీరువా మీద పెట్టాను. ఇన్నాళ్ళూ సణిగిందే గాని ఒక్కనాడూ షెడ్డుకు తాళం వేయలేదు, అందుకు.

2. పెరటి షెడ్డులో నేను కడుతున్న రెండు సీట్ల విమానం నా కూతురికి. నడిపే లైసెన్సు ఉన్నది దానికే.

3. ఇక తోకరెక్క. థర్మకోల్ లాంటి నురుగు దిమ్మను రెక్క ఆకారంలో చెక్కి, దానిమీద గాజు పోగులతో నేసిన గుడ్డ పరిచి, జిగురు పట్టించి ఆరబెడితే ఫైబర్‌గ్లాసు రెక్క అవుతుంది. నా భార్య తమ్ముడు టైలరు. వంపుల మీద గుడ్డ పరచడంలో అతనికి సాటి లేరు, ఒప్పుకుంటాను. ఎడమ సగం అతనికి అప్పజెప్పి మందుల షాపుకు వెళ్ళొచ్చేసరికి, గుడ్డ ముడతలు పడిందని ఆ మహానుభావుడు నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేశాడు! ఆ తడి మీదే జిగురు పూశాడు. చెమ్మ ఉన్నచోట జిగురు పట్టదు. నాణెంతో తట్టితే అక్కడ డొల్లగా మోగుతోంది. గాలిలో ఆ పొర ఊడితే నా కూతురి గతేమిటి? కోసి మళ్ళీ చేద్దామంటే, "ముడతెక్కడుందో చూపించు బావా, అప్పుడు కోద్దాం" అంటాడు. పైగా రంగు కూడా వేసేశాడు. నన్నేమో డాక్టరు రంపం ముట్టుకోవద్దన్నాడు. కూతురేమో "మామయ్య బాధపడతాడు నాన్నా" అంటుంది. నెత్తీ నోరూ బాదుకుని అలిసిపోయాను.

4. కాబట్టి విమానంలో రెండో సీటును, మొదటిసారి ఎగిరేటప్పుడు అందులో కూర్చునే హక్కుతో సహా, మా బావమరిదికి రాసిస్తున్నాను. అతను కూర్చుంటేనే విమానం లేవాలి. ఆ ఎడమ సగంతోనే ఎగరాలో, కొత్తది చేసుకుని ఎగరాలో అతని ఇష్టం. నా మంచి కత్తెర కూడా అతనికే. ఇస్త్రీపెట్టె మాత్రం షెడ్డు గడప దాటకూడదు.

5. సాక్షి సంతకం పెడతానని ఇప్పుడే మా బావమరిది వచ్చాడు. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకూడదని వకీలుగారు చెబితే, అంత ఆస్తి ఏమిచ్చాడో చూద్దామని కాగితం లాక్కుని నాలుగో అంశం దాకా చదివాడు. కాగితం వకీలుగారి చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్ళాడు. ఇప్పుడు రంపం చప్పుడు వినబడుతోంది. కోస్తున్నది ఎడమదో కాదో ఎవరైనా వెళ్ళి చూడండయ్యా! కుడిది నేను చేసింది.

తేదీ: ఆపరేషనుకు ముందు బుధవారం
సంతకం: పైన రాసినవన్నీ రాసినవాడు

సాక్షులు:
పక్కింటి పళ్ళ డాక్టరమ్మ
వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన (చూసి వచ్చాను. ఎడమదే.)